మధ్యనున్న మనిషికి నీడ లేదు

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో పదహారేళ్ళుగా డిజైనింగ్ పని చేస్తున్నాను. పెళ్ళి ఆల్బమ్‌లు, శుభలేఖలు, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వచ్చిందంటే స్వాగత ఫ్లెక్సీలు, ఇవే నాకు అన్నం పెట్టే పనులు. వీటి మధ్య ఏడాదికి నాలుగైదుసార్లు షార్ట్ ఫిల్మ్ తీస్తున్న కుర్రాళ్ళో, నాటకం వేస్తున్న కాలేజీ పిల్లలో వచ్చి దయ్యం పోస్టరు చేసిపెట్టమని అడుగుతారు. అందరూ ఇంచుమించు ఒకే సామగ్రి తెస్తారు. ఇంటర్నెట్టులో దించుకున్న మంచు పట్టిన పైన్ అడవి, ఏ దేశానిదో తెలియని పాడుబడ్డ కోట, జుట్టు విరబోసుకుని తెల్లచీర కట్టిన ఆడమనిషి, పళ్ళెమంత చంద్రుడు, నెత్తురు కారే అక్షరాలు. ఈ అయిదింటినీ ఒకచోట కూర్చి, పైన నీలం రంగు పూసి ఇచ్చి పంపడం నేనూ చాలా ఏళ్ళు చేశాను. గత కార్తీకంలో చేసిన ఒక పోస్టరు తరువాత ఆ పని మానేశాను. ఎందుకు మానేశానో వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. నా వాదన ఇది: వేర్వేరు ఫొటోలను కలిపి చూసేవారికి భయం పుట్టించాలంటే, ఆ బొమ్మలో ఒక్కటి తప్ప మిగిలినదంతా నిజంగా ఉండాలి. అబద్ధం ఒక్కటే ఉండాలి, అదీ కొలిచి పెట్టినట్టు ఉండాలి.

ఆ పోస్టరు నలుగురు డిగ్రీ కుర్రాళ్ళు తీసిన 18 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌ది. కథ చిన్నది. చీకటి పడే వేళ ఇద్దరు అన్నదమ్ములు లాంతరు పట్టుకుని చెరువు గట్టు మీదుగా ఇంటికి వస్తుంటారు. దారిలో మూడో మనిషి కలిసి, ఊరి కబుర్లు చెబుతూ వారితోపాటు నడుస్తాడు. మదుం దగ్గర, అంటే చెరువు నీళ్ళు వదిలే తూము దగ్గర, ముగ్గురూ కాసేపు ఆగి, లాంతరును గోడ మీద పెడతారు. అప్పుడు తమ్ముడు కిందికి చూస్తాడు. నేల మీద రెండు నీడలే ఉంటాయి.

దయ్యానికి నీడ ఉండదని, పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మనందరికీ చిన్నప్పుడు ఎవరో ఒకరు చెప్పినదే. పోస్టరులో ఆ నీడ లేకపోవడాన్నే చూపించాలని కుర్రాళ్ళు పట్టుబట్టారు. నాకూ నచ్చింది. పనిలోకి దిగాక గాని అసలు చిక్కు అర్థం కాలేదు. నీడ లేకుండా అతికించిన మనుషులు మన ఊళ్ళో ప్రతి గోడ మీదా ఉన్నారు. ఫ్లెక్సీ మీద నిలబడిన పెద్దమనిషికి గాని, ఆల్బమ్‌లో జలపాతం ముందు నిలబెట్టిన పెళ్ళికొడుక్కి గాని నీడ పెట్టేవారు అరుదు. అందువల్ల నీడ లేని మనిషి కనిపిస్తే చూసేవాడికి దయ్యం తట్టదు, ఫొటో అతికించారని తడుతుంది. అంటే ఈ కథకు పోస్టరు చేయాలంటే నీడ తీసేయడం చివరి పని. అంతకన్నా ముందు, ఈ బొమ్మలో నీడలు తప్పకుండా ఉంటాయని చూసేవాడు నమ్మాలి.

ఇది తెలియక మొదటి పోస్టరు పాత పద్ధతిలోనే చేశాను. ముగ్గురు కుర్రాళ్ళను స్టూడియోలో తెల్ల తెర ముందు నిలబెట్టి ఫ్లాష్‌తో తీశాను. పెన్ టూల్‌తో శుభ్రంగా కటింగ్ చేశాను. దించుకున్న అడవి బొమ్మ మీద పెట్టాను. ఇద్దరికి నీడలు కూడా వేశాను. మనిషి ఆకారాన్ని నకలు తీసి, నలుపు నింపి, పడుకోబెట్టి, బ్లర్ ఇచ్చి, సగం పలుచన చేశాను. మా వృత్తిలో అందరూ వేసే నీడ అదే. ఆ రాత్రి మా అమ్మకు ఫోనులో చూపిస్తే చాలాసేపు చూసి, "మూడు పెళ్ళిళ్ళ ఫొటోల్లోంచి ముగ్గుర్ని కత్తిరించి తెచ్చినట్టున్నాది" అంది. నీడల సంగతి ఆమె దృష్టికే రాలేదు. ఆమె మాటలో ఉన్నదంతా సరైనదే. ముగ్గురి ముఖాల మీద స్టూడియో వెలుతురు ఉంది, అడవి మీద పొగమంచు వెలుతురు ఉంది, లాంతరు వెలుతురు ఎవరి మీదా లేదు. ఒకేచోట ఉన్నారనిపించే ఆధారం బొమ్మలో ఒక్కటీ లేదు.

ఫొటోలను కలిపి కొత్త ఫొటో చేయడం కంప్యూటరుతో వచ్చిన విద్య అనుకుంటారు గాని, అది దాదాపు ఫొటోగ్రఫీ అంత పాతది. 1857లో ఆస్కార్ రేలాండర్ అనే ఫొటోగ్రాఫరు ఇంగ్లండులో 30కి పైగా నెగెటివులను ఒక్కొక్కటిగా అచ్చువేసి, మనుషుల గుంపులతో నిండిన ఒకే పెద్ద దృశ్యాన్ని తయారుచేశాడు. మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్సన్ 5 నెగెటివులతో, మరణశయ్య మీద ఉన్న ఒక అమ్మాయినీ ఆమె చుట్టూ ఉన్న కుటుంబాన్నీ ఒకే గదిలో చూపించాడు. ఆ బాధను ఫొటోగా చూడలేక జనం నొచ్చుకున్నారు. చీకటి గదిలో కాగితానికి ఒక భాగాన్ని కప్పి, మరొక భాగానికి వెలుతురు చూపించడమే వారి పద్ధతి. ఈనాడు మనం లేయర్ మాస్క్ అంటున్నది సరిగ్గా ఆ కప్పడమే. ఫొటోషాప్ 1990లో విడుదలైనా, లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే బొమ్మల పొరలు, అందులోకి వచ్చింది 1994లో, మూడో వెర్షన్‌తో. దాంతో చేయి తిరిగినవాడికి పట్టే కాలం తగ్గింది. చూడవలసిన విషయాలు మాత్రం రేలాండర్ కాలంలో ఏవో ఇప్పటికీ అవే. వెలుతురు ఎటునుంచి వస్తోంది, కెమెరా ఎంత ఎత్తులో ఉంది, ఏది దేనికి ముందుంది. సాఫ్ట్‌వేర్ కొనలేక దొంగ కాపీలు వాడే కుర్రాళ్ళకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఫొటోలు దిద్దే జింప్ అనే సాఫ్ట్‌వేర్ 1996 నుంచి ఉచితంగా దొరుకుతోంది. నేను ఈ వ్యాసంలో చెబుతున్న పని మొత్తం అందులో చేయవచ్చు.

అమ్మ మాట విన్న తరువాత దించుకున్న బొమ్మలన్నీ తీసి పక్కన పెట్టాను. పైన్ అడవి మా ఊరి చుట్టుపక్కల లేదు. ఇక్కడి మనిషికి పైన్ చెట్టు మధ్య చీకటంటే ఏమిటో తెలియదు, అందుకే అది అతన్ని భయపెట్టదు. తాటితోపులో సందేళ గాలికి ఎండు మట్టలు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు తెలుసు. ఆ చప్పుడు విని చిన్నప్పుడు పరుగెత్తనివాడు ఈ జిల్లాలో ఉంటాడనుకోను. అందుకే ఊరికి దగ్గరలో ఒక చెరువు గట్టును ఎంచుకున్నాము. ఊరి పేరు రాయను, కారణం తరువాత చెబుతాను. గట్టుకు ఒకవైపు తాటిచెట్లు, మరొకవైపు నీరు, మధ్యలో మోకాలెత్తు గోడ ఉన్న పాత మదుం. కుర్రాళ్ళలో ఒకడు, ఇదంతా ఎందుకు, వాక్యం రాసిస్తే కంప్యూటరే బొమ్మ గీసి ఇస్తుంది కదా అన్నాడు. సరేనని చేసి చూశాము. వచ్చిన బొమ్మలో తాటిమాను మీద కొబ్బరాకులు ఉన్నాయి, లాంతరుకు ఇటూ అటూ కూడా నీడలు ఒకే దిక్కుకు పడ్డాయి. మళ్ళీ మా గట్టుకే బయలుదేరాము.

సాయంత్రం వేళ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన దేశపు గడియారాన్ని నడిపించే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దానికి తూర్పున ఉన్నాము. అందువల్ల హైదరాబాదులో ఇంకా ఎండ ఉండగానే మనకు పొద్దు గూకుతుంది. నవంబరులో అయిదున్నరకు ముందే సూర్యుడు కొండల వెనక్కి పోతాడు, ఆ తరువాత ఇరవై నిమిషాలపాటు ఆకాశం నిండా నీలం వెలుతురు ఉంటుంది. ఆ వెలుతురుకు దిక్కు లేదు, నీడ లేదు. ఆ ఇరవై నిమిషాలలో లాంతరు వెలిగిస్తే, నేల మీద కనిపించే నీడలన్నీ ఆ ఒక్క మంట వేసినవే అవుతాయి. మంట మరీ ఎక్కువగానూ కాక, ఆకాశం మరీ చీకటిగానూ కాక రెండూ సమానంగా తూగే కాలం మాత్రం అయిదారు నిమిషాలే. ట్రైపాడ్ మీద కెమెరాను కదలకుండా బిగించి, ఆ అయిదారు నిమిషాలలో నాలుగు ఫొటోలు తీయాలి. మొదటిది, లాంతరు వెలుగుతున్న ఖాళీ గట్టు. తరువాత అన్న ఒక్కడే, తమ్ముడు ఒక్కడే, మూడో మనిషి ఒక్కడే. నాలుగింటిలోనూ లాంతరు అదే చోట, వత్తి అదే ఎత్తులో ఉండాలి. మొదటి సాయంత్రం మూడో మనిషి వంతు వచ్చేసరికి చీకటి పడిపోయింది. రెండో సాయంత్రం మబ్బు పట్టింది. మూడో సాయంత్రం నాలుగూ కుదిరాయి. లాంతరు మాది కాదు. గట్టు కింద మడి ఉన్న ఒక తాతగారిది. మూడు రోజులూ ఆయన గడ్డిమోపు దించుకుని, గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూశారు.

ఖాళీ గట్టు ఫొటోయే ఈ పోస్టరుకు ప్రాణం. నీడను చెరపడం చాలా కష్టమైన పని. చెరిపినచోట మట్టి ఎలా ఉండాలో ఊహించి పూయాలి, ఎంత బాగా పూసినా కన్ను పట్టేస్తుంది. ఖాళీ ఫొటో ఉంటే చెరపవలసిన అవసరమే రాదు. అన్నను, తమ్ముణ్ణి వారి నీడలతో సహా మాస్క్‌లో తెరిచాను. మూడో మనిషిని మాత్రం శరీరం అంచుల వరకే తెరిచి, అతని కింద నేలను ఖాళీ ఫొటోనుంచి ఉంచాను. అక్కడ కనిపించే ప్రతి మట్టిబెడ్డా, ప్రతి గడ్డిపరకా, దాని మీద పడిన లాంతరు వెలుతురూ నిజమైనవే. మనిషి నిజం, నేల నిజం. రెండూ ఒకే క్షణంలో ఉండడం ఒక్కటే అబద్ధం.

నీడల విషయంలో నా పదహారేళ్ళ అలవాటు ఎంత తప్పో ఆ ఫొటోలను కంప్యూటరులో పెద్దవి చేసి చూసినప్పుడు తెలిసింది. లాంతరు మదుం గోడ మీద, ముగ్గురికీ ముందు ఉంది. వారు మనకు వీపు చూపిస్తూ నిలబడ్డారు కనుక నీడలు మనవైపు వస్తాయి. మంట మనిషి తలకంటె కింద ఉన్నప్పుడు తల నీడ నేల మీద పడనే పడదు. అది చెట్ల మీదికి, ఆకాశంలోకి పోతుంది. నేల మీద కాళ్ళ నీడలే పడి, దూరం పోయిన కొద్దీ వెడల్పై, బొమ్మ కింది అంచు దాటి పోతాయి. నేను మొదటి పోస్టరులో తలతో సహా చక్కగా గీసిన నీడలు అసలు పుట్టడానికే వీలులేనివి. పైగా ఎండలో నీడలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా పడతాయి, లాంతరు నీడలు మాత్రం విసనకర్ర పుల్లల్లా మంట నుంచి విచ్చుకుంటాయి. పాదం దగ్గర నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, మంటకు వెడల్పు ఉండడం వల్ల దూరం పోయిన కొద్దీ అంచు మెత్తబడుతుంది. నీడలో నలుపు లేదు. లాంతరు వెలుతురు అందని చోట ఆకాశపు నీలం నిండి ఉంటుంది. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం. నూనె దీపపు మంట రంగు సుమారు 1,900 కెల్విన్, సూర్యుడు దిగిన తరువాతి ఆకాశపు రంగు దానికి ఎన్నో రెట్లు నీలానికి దగ్గర. ఈ పసుపూ నీలమూ పక్కపక్కన ఉన్నందువల్లనే సందేళ సందేళలా కనిపిస్తుంది. వెలుతురు తగ్గడానికి కూడా ఒక లెక్క ఉంది. మంటకు మూడడుగుల దూరంలో పడే వెలుతురులో పన్నెండు అడుగుల దూరంలో పదహారో వంతే పడుతుంది. ఈ లెక్కను బ్రష్‌తో పూసి సాధించాలంటే ఒక జీవితం కావాలి. గట్టు మీద లాంతరు అదే చేసి ఇచ్చింది.

మూడో మనిషి విషయంలో రెండు తగాదాలు వచ్చాయి. అతని ద్వారా వెలుతురు దూసుకుపోతోంది కనుకనే నీడ లేదు, కాబట్టి అతని చెవుల అంచున, భుజం మీద లాంతరు మెరుపు కూడా ఉండకూడదని దర్శకుడైన కుర్రాడు వాదించాడు. తర్కం ప్రకారం అతని మాటే సరైనది. చేసి చూశాము. ఆ పసుపు గీత తీసేసిన మరుక్షణం అతను కాగితపు బొమ్మ అయిపోయాడు. నీడ లేకపోవడం ఒక్కటే తప్పుగా ఉండాలని, ఇంకో తప్పు తోడైతే రెండూ కలిసి డిజైనరు తప్పుగా కనిపిస్తాయని చెప్పి ఆ మెరుపు తిరిగి పెట్టాను. రెండోది నాకు నాతోనే వచ్చిన తగాదా. నీడను పూర్తిగా తీసేస్తే మనిషి గాలిలో తేలుతున్నాడు. పాదం నేలను తాకేచోట, మడమ కింద, ఎక్కడనుంచీ వెలుతురు చొరబడని సన్నని నలుపు ఒకటి ఉంటుంది. బియ్యపు గింజంత మందం. దాన్ని ఉంచితే నీడ ఉన్నట్టా, లేనట్టా? ఒక రాత్రంతా ఉంచి, తీసి, ఉంచి చూశాను. చివరికి ఉంచాను. అప్పుడుగాని అతను గట్టు మీద నిలబడలేదు. పాదాలకు ముందున్న గరిక పరకలను కూడా ఒక్కొక్కటిగా మాస్క్‌లో తెరిచి కాలి వేళ్ళ మీదికి తెచ్చాను. ఏ3 పోస్టరులో ఆ పరకల పొడవు రెండు మిల్లీమీటర్లు. ఎవరూ వాటిని చూడరు, అవి లేకపోతే మాత్రం అందరూ గుర్తుపడతారు.

ముగ్గురినీ అదే గట్టు మీద అదే కెమెరాతో తీయడం వల్ల ఇంకొక మేలు జరిగింది. చదునైన నేల మీద నిలబడిన మనుషులందరినీ, దగ్గరున్నా దూరమున్నా, దిగంత రేఖ కెమెరా ఎత్తులోనే కోస్తుంది. కెమెరాను నాలుగడుగుల ఎత్తులో పెడితే ఆ గీత ప్రతివాడి రొమ్ము దగ్గర పోవాలి. స్టూడియోలో ఒక ఎత్తులో తీసిన మనిషిని, మరెవరో మరో ఎత్తులో తీసిన ప్రదేశంలో పెట్టినప్పుడు ఈ గీత ఒకడికి మెడ దగ్గర, ఇంకొకడికి నడుము దగ్గర పోతుంది. అప్పుడు ఒకడు గోతిలో ఉన్నట్టు, ఒకడు పొడుగుకాళ్ళ మీద ఉన్నట్టు అనిపిస్తుంది. చూసేవాడికి కారణం తెలియదు గాని బొమ్మ మీద నమ్మకం పోతుంది. మీరు చేసిన ఏ కూర్పు మీదనైనా ఒక గీత గీసి చూడండి, తప్పు ఎక్కడుందో వెంటనే బయటపడుతుంది.

చంద్రుణ్ణి పెట్టలేదు. పున్నమి చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీ మేర ఉంటాడు. మేము వాడిన 35 మిల్లీమీటర్ల లెన్సుతో నిలువుగా తీసిన ఫొటోను 297 మిల్లీమీటర్ల వెడల్పున్న ఏ3 కాగితం మీద అచ్చువేస్తే, అందులో చంద్రుడి వెడల్పు 4 మిల్లీమీటర్లు. శనగ గింజకన్నా చిన్నది. పళ్ళెమంత చంద్రుణ్ణి చూసి అందరూ పోస్టరు అంటారు, ఎవరూ ఆకాశం అనరు.

ఎరుపు రంగును కూడా వదిలేశాను. దీనికి కుర్రాళ్ళు ఎక్కువ నొచ్చుకున్నారు. నెత్తురు లేకుండా దయ్యం పోస్టరా అని వారి బాధ. వారిని మా పెరట్లోకి తీసుకువెళ్ళి, ఎర్ర మందారం చెట్టు ముందు పొద్దు గూకే దాకా కూర్చోబెట్టాను. పగలు ఆకులకన్నా పువ్వే ముందు కళ్ళబడుతుంది. వెలుతురు తగ్గుతున్న కొద్దీ పువ్వు నల్లబడిపోయి, ఆకులు తేలుతాయి. చెక్ దేశపు శరీరశాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్ది తొలినాళ్ళలో దీన్ని గమనించాడు. పగలు పనిచేసే కణాలు కంట్లో వేరు, మసక వెలుతురులో పనిచేసే కణాలు వేరు. ఆ రెండో రకం నీలి ఆకుపచ్చకు ఎక్కువ స్పందిస్తాయి, ఎరుపును దాదాపు పట్టించుకోవు. వెన్నెల నీలంగా తోచడానికి కారణం కూడా కంటిలోనే ఉంది, వెన్నెలలో ఎండకన్నా ఎక్కువ నీలం ఏమీ లేదు. కాబట్టి చీకట్లో నెత్తురు నల్లగా ఉంటుంది. నీలం రాత్రి మీద చిక్కని ఎరుపు మెరిస్తే, ఇది చీకటి కాదని కన్ను మనకన్నా ముందే తేల్చేస్తుంది. మందారం నల్లబడడం చూశాక దర్శకుడు ఇక నెత్తురు మాట ఎత్తలేదు. ఇంటికి వెళుతూ, నల్లటి పువ్వే ఎక్కువ భయంగా ఉందన్నాడు.

ఏ ఫొటోలను కలపాలన్న ప్రశ్నతోపాటు ఏ ఫొటోలను కలపకూడదన్న ప్రశ్న కూడా ఉంది. కుర్రాళ్ళలో ఒకడిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత అతను ఫోనుతో తీసిన ఫొటోలు తెచ్చాడు. తలలు విరిగిన కొబ్బరిచెట్లు బారులు తీరి నిలబడి ఉన్నాయి. పోస్టరుకు వెనక దృశ్యంగా అంతకన్నా భయంకరమైనది దొరకదు. నేను వద్దన్నాను. ఆ మొండాల్లో ప్రతి ఒక్కటీ ఒక ఇంటి ఆదాయం. దాన్ని దయ్యానికి తెరగా కట్టడం నాకు చేతకాదు. అతను కాసేపు ఫోనులోకి చూస్తూ, "ఆ చివర కనిపించేది మా తోటే అన్నా" అని, ఫొటోలు మూసేశాడు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆ మొండాల గురించి అతనికి అంత చెప్పేవాణ్ణే కాను.

ముఖం చూపించకపోవడానికి కూడా ఇలాంటి కారణమే ఉంది. దయ్యం అనగానే జుట్టు విరబోసుకున్న ఆడమనిషిని, లేదా ముడతలు పడిన ముసలమ్మ ముఖాన్ని పెట్టడం మనకు అలవాటైపోయింది. మన ఉత్తరాంధ్రలో చేతబడిని చిల్లంగి అంటారు, ఆ మాట ఇంకా చావలేదు. చిల్లంగి పెట్టిందన్న అనుమానంతో ఒంటరి ముసలివాళ్ళను కొట్టిన, చంపిన వార్తలు పత్రికలలో చదువుతూనే ఉన్నాము. పొరుగింటి అవ్వను పోలిన ముఖం కింద కంటి గుంటలు నల్లగా చేసి, గోడకు అంటించి, ఇది వట్టి కథ అని తప్పించుకోవడం నాకు న్యాయంగా తోచదు. మా పోస్టరులో మూడో మనిషి వీపే కనిపిస్తుంది. పంచె, చొక్కా, భుజాన తువ్వాలు. ఎవరైనా కావచ్చు, అందుకే ఫలానావాడు కాడు.

అచ్చు దగ్గర ఒక దెబ్బ తిన్నాను. అంగుళానికి 300 చుక్కల రిజల్యూషన్‌తో 3,508 బై 4,961 పిక్సెళ్ళలో చేసిన ఏ3 పోస్టర్లు బాగానే వచ్చాయి. ప్రదర్శన రోజు గుమ్మం దగ్గర కట్టడానికి ఆరడుగుల ఫ్లెక్సీ కూడా కావాలన్నారు. దాన్ని అచ్చువేసినచోట నమూనా తీసి చూపించమంటే సమయం లేదన్నారు. వచ్చిన ఫ్లెక్సీలో గట్టు, నీడలు, తాటిమానులు కలిసి ఒకే నల్లని ముద్ద. స్క్రీన్ తనంత తాను వెలుగుతుంది, ఫ్లెక్సీ తన మీద పడిన వెలుతురును తిప్పి పంపుతుంది. నీడల మధ్య తేడాలు స్క్రీన్ మీద ఎంత స్పష్టంగా కనిపించినా, సిరా వాటిని మింగేస్తుంది. అన్న నీడ, తమ్ముడి నీడ కనిపించనప్పుడు మూడోవాడికి నీడ లేదని ఎవరికి తెలుస్తుంది? వెలుగునీడలు సవరించే కర్వ్స్‌లో చీకటి భాగాన్ని స్క్రీన్ మీద కాస్త వెలిసిపోయినట్టు కనిపించేంతవరకు పైకి లేపి, పాదాల దగ్గర ఒక అడుగు పొడవు ముక్కను మాత్రం మరోచోట ముందు నమూనా తీయించి, అప్పుడు మొత్తం అచ్చువేయించాను. చీకటి బొమ్మ చేసేవారు ఎవరైనా ఆ అడుగు ముక్కకు డబ్బు ఖర్చుపెట్టి తీరాలి.

మొదటి ఏ3 కాపీని లాంతరుతోపాటు తాతగారికి ఇచ్చి వద్దామని గట్టుకు వెళ్ళాను. ఆయన పోస్టరును రెండు చేతులా పట్టుకుని, ముందు లాంతరును గుర్తుపట్టి సంతోషించారు. తాటిచెట్లను లెక్కపెట్టారు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. చివరికి నెమ్మదిగా, "మద్దినున్నోడికి నీడ నేదేటి బాబూ?" అన్నారు. ఫొటో అతికించారేటి అని ఆయన అడగలేదు. నేను ఈ పనిలో సంపాదించిన మెప్పులన్నింటిలో నాకు ఇదే పెద్దది.

నెల తిరగకుండా ఆ పోస్టరు వేరే రూపంలో నా ఫోనులోకే వచ్చింది. ఎవరో కింద చిన్నగా ఉన్న పేరును కత్తిరించి, ఫలానా ఊరి చెరువు గట్టు మీద నిజంగా తీసిన దయ్యం ఫొటో అని రాసి పంచారు. ఊరి పేరు కూడా సరిగ్గానే రాశారు. అమెరికాలో విలియం మమ్లర్ అనే ఫొటోగ్రాఫరు 1860లలో, చనిపోయినవారి ఛాయ వెనక కనిపించేలా ఫొటోలు తీసి, దుఃఖంలో ఉన్నవారికి అమ్మేవాడు. 1869లో న్యూయార్క్‌లో మోసం కేసు నడిచింది, తగిన రుజువు లేదని వదిలిపెట్టారు. ఆ తరువాత అబ్రహాం లింకన్ భార్య సైతం అతని ముందు కూర్చుని భర్త ఛాయతో ఫొటో తీయించుకుంది. మమ్లర్ గురించి చదివినప్పుడు అతనికీ నాకూ సంబంధం లేదని, నేను కథకు బొమ్మ వేస్తానే గాని నిజమని చెప్పనని అనుకునేవాణ్ణి. అయితే నేను చెప్పకపోయినా బొమ్మ చెబుతుంది. నమ్మేటట్టు చేయడమే పనిగా పెట్టుకున్నవాడు, ఎవరో నమ్మారని ఆశ్చర్యపోకూడదు.

మరునాడు ల్యాప్‌టాప్ పట్టుకుని ఆ ఊరు వెళ్ళాను. పొద్దు గూకాక గట్టు మీదుగా రావడం కొందరు మానేశారని, తాతగారు ఒక్కరే వస్తున్నారని తెలిసింది. రచ్చబండ దగ్గర కూర్చుని, లేయర్లను ఒక్కొక్కటిగా ఆపుతూ చూపించాను. మూడో మనిషిని ఆపాను, తమ్ముణ్ణి ఆపాను, అన్నను ఆపాను. ఖాళీ గట్టు మీద లాంతరు ఒక్కటే మిగిలింది. పిల్లలు మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని, తీయించుకుని చూశారు. పొరలున్న అసలు ఫైలును ఎప్పటికీ చెరపకుండా దాచాలన్న నియమం ఆ రోజు పెట్టుకున్నాను. పొరలన్నీ ఒకటిగా కలిపేసి దాచి ఉంటే ఆ ఊళ్ళో చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఇంటికి వచ్చి పోస్టరును మార్చాను. మధ్యమనిషి పాదాల నుంచి బొమ్మ కింది అంచు వరకు, రెండు నీడల నడుమ, లాంతరు వెలుతురు పడిన మట్టి ఒక చార ఉంది. అతని నీడ పడవలసిన చోటు అది. షార్ట్ ఫిల్మ్ పేరును కింది అంచునుంచి తీసి, ఆ చారలో, నేల మీద పరిచినట్టు, మంట నుంచి విచ్చుకుంటూ వచ్చేలా పెట్టాను. తెలుగు అక్షరాల వత్తులు విడిపోకుండా టెక్స్ట్ సెట్టింగులో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టి, నెత్తురు చుక్కలు లేని మామూలు అక్షరాలే వాడాను. ఇప్పుడు పేరును కత్తిరించాలంటే నీడలను కూడా కత్తిరించాలి. అప్పుడు మిగిలేది సందేళ మదుం దగ్గర ఆగి, లాంతరు వైపు చూస్తున్న ముగ్గురు మనుషులు.